పడుకో, రా, నిలబడు, దౌడు

జనవరి 9

గుండూ, నా గుండు నాన్నా,

జైల్లో నీ జుట్టు తీసేశారని వకీలు చెప్పాడు. పుట్టినప్పుడు ఎలా ఉన్నావో అలాగే ఉండి ఉంటావు. అప్పుడు ఆ గుండు నిమిరితే గానీ నిద్రపోయేవాడివి కాదు. ఇప్పుడు ఎలా పడుకుంటున్నావో.

ఈ ఉత్తరం ముందు అక్కడి సారు చదువుతాడట. సారూ, నమస్కారం. నా రాత బాగుండదు, ఓపిక పట్టి చదివి నా బిడ్డకు ఇవ్వండి.

చిన్నోడికి ఆఖరి స్నానం నేనే చేయించాను. నువ్వు అప్పటికి ఓడరేవు నుంచి ఇంకా దారిలో ఉన్నావు. వాడి వీపంతా గుండ్రటి గుంటలు. ఇనుప కొట్టులో పేర్చిన చువ్వల మొనలు అవి. బండి వాణ్ణి వెనక్కి నొక్కుకుంటూ పోయి ఆ చువ్వలకు గుచ్చింది. ఒక్కో గుంటలో నా వేలి కొన పట్టింది. అంతకంటే రాయలేను.

కాటా ఆయన మన ఇంటికొచ్చి మళ్ళీ అదే చెప్పాడు. "తూకం చూస్తున్నానమ్మా. మీవాడు 'రా! రా!' అని అరిచాడు. తలెత్తేసరికి మీ తమ్ముడు బండెక్కేస్తున్నాడు, బండి వెనక్కి పోతోంది. నేను చూసింది అదే." ఆ పొద్దునే గేటు దగ్గర మీ మామ చిన్నోడి చెంప మీద కొట్టి, "నీ నడుము విరగ్గొడతా" అన్నాడట. హమాలీలంతా విన్నారు. ఇక ఎవరు ఏం చెప్పాలి?

నువ్వు జాకీ రాడ్డుతో మామ మోకాళ్ళు రెండూ చితక్కొట్టావు. తప్పు చేశావని అందరూ అంటున్నారు. నేను అనను. వాడు నా తోడబుట్టినవాడు, నా చంకనెక్కి పెరిగినవాడు. నీ చేతిలోంచి ఆ రాడ్డు లాక్కున్నవాళ్ళ మీదే నాకు కోపం.

మొన్న మీ అత్త వీధిలో నా జుట్టు పట్టుకుంది. "నా మొగుణ్ణి అవిటివాణ్ణి చేశారు కదే!" అంటూ ఈడ్చింది. నేను దాని చెయ్యి కొరికాను. రక్తం నోట్లోకి వచ్చింది, ఉప్పగా ఉంది. పక్కింటివాళ్ళు బకెట్టుతో నీళ్ళు కుమ్మరించి విడదీశారు, కుక్కల్ని విడదీసినట్టు.

పోలీసులు బండి తిరిగి ఇచ్చారు. నువ్వు ఓడరేవు పనికి వెళ్ళాక చిన్నోడూ మామా కలిసి కొన్న ఆ పాత డీజిలు పికప్పు. నువ్వు దాన్ని ఎక్కనైనా ఎక్కలేదు. ఇప్పుడు మన గుమ్మం ముందే ఉంది. తలుపు తీస్తే అదే ఎదురొస్తోంది. పాతసామాన్లవాణ్ణి పిలిపించాను. ముక్కలు చేసి పట్టుకుపోతాడు.

అక్కడ ఎవరితోనూ గొడవపడకు.

అమ్మ


జనవరి 17

అమ్మా,

గొడవపడకు అన్నావు, ఆ ఉత్తరం ఒక రోజు ఆలస్యంగా వచ్చింది. ఇక్కడ ఒకడు "నీ తమ్ముడు రేకులా అయ్యాడట కదా" అని నవ్వాడు. వాడి మొహాన్ని గోడకేసి కొట్టాను. పళ్ళు రాలాయి. వాటిని ఊడ్చే పని కూడా నాకే వేశారు.

భయపడకు, ఈ ఉత్తరం ఎవరూ చదవరు. చదివే సారు కళ్ళజోడు ఆ గొడవలో విరిగింది. కొత్తది వచ్చేదాకా ముద్ర కొట్టి పంపించేస్తున్నాడు. అందుకే ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

బండిని పాతసామాన్లవాడికి ఇవ్వకు. మేస్త్రికి చూపించి, బాగుచేయించి, నడిచేలా ఉంచు. నాకు బెయిలు వస్తుందని వకీలు అంటున్నాడు. వచ్చిన రోజు మామను ఆ చువ్వల ముందే నిలబెడతాను. నిలబడలేడు కాబట్టి కూర్చోబెడతాను. ఆ బండితోనే వెనక్కి వస్తాను. చిన్నోడికి ఎంతసేపు పట్టిందో మామకూ అంతసేపు పట్టాలి.

నువ్వు అడ్డు చెప్పవని తెలుసు. నువ్వూ కొరికావు కదా.

నీ పెద్ద కొడుకు


జనవరి 26

గుండూ,

నీ ఉత్తరం చదివి పాతసామాన్లవాణ్ణి వెనక్కి పంపేశాను. నువ్వు అన్నది సబబే అనిపించింది. ఆ తర్వాత బండిని చూస్తే కోపం ఆగలేదు. గునపం తీసుకుని ముందు అద్దం పగలగొట్టాను, తలుపుల అద్దాలు పగలగొట్టాను, బానెట్టు మీద ఇష్టమొచ్చినట్టు పొడిచాను. చేతులు బొబ్బలెక్కేదాకా. ఆ తర్వాతే మేస్త్రిని పిలిపించాను.

సణుగుడు మేస్త్రి నీకు తెలుసు కదా, నిద్రలో కూడా ఏదో ఒకటి సణుగుతూనే ఉంటాడని వాళ్ళావిడ చెప్పుకుంటుంది. బండి చుట్టూ తిరిగి, "చంపాలంటే చంపు, బాగుచేయాలంటే బాగుచేయి, రెండూ ఒకే పూట ఏమిటమ్మా నాకు?" అన్నాడు. నడిపి చూశాడు. గేరు వెన్నలా పడుతోంది, ఏ జబ్బూ లేదన్నాడు. తన షెడ్డులో పెట్టి, ఇంజను ఆపకుండా దిగి చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు.

నేను షెడ్డు గడప మీద కూర్చుని ఉన్నాను. బండి కదిలింది గుండూ. లోపల ఎవరూ లేరు. మెల్లగా వెనక్కి వచ్చి ఆయిలు డ్రమ్మును గోడకు నొక్కింది. డ్రమ్ము నడుము దగ్గర మడతపడింది. మేస్త్రి సబ్బు చేతులతో పరిగెత్తుకొచ్చి, "నువ్వేమైనా కదిపావా?" అని నా మీద అరిచాడు. ఆ తర్వాత, "నేనే సరిగా పెట్టలేదేమో" అని సణుక్కున్నాడు. చీకటి పడేదాకా ఎన్నోసార్లు అలాగే పెట్టి చూశాడు. మళ్ళీ కదల్లేదు. బుద్ధిమంతుడిలా నిలబడింది.

నాకు ఒకటి గుర్తొచ్చింది. ఎండాకాలం నుంచీ నీ మామ, "అక్కా, ఈ బండిని పడుకోబెడితే లేచి వస్తోంది" అనేవాడు. ముగ్గురు మేస్త్రీలకు చూపించాడు. ఎవరి దగ్గరా అది లేవలేదు. చిన్నోడు పడీ పడీ నవ్వేవాడు. "లేచేది బండి కాదు మామా, నువ్వు తాగింది" అనేవాడు. ఆ మాట అందరి ముందూ అన్నందుకే ఆ రోజు గేటు దగ్గర మామ చెయ్యి చేసుకున్నాడట.

నేనూ నవ్వేదాన్ని.

గాజుపెంకులు ఏరుతుంటే లివరు పక్కన 'రా' కనబడింది. ఎర్రగా రాసి ఉంది. అది చూసి, ఏరిన పెంకులు అక్కడే పారేసి ఇంట్లోకి వచ్చేశాను. ఇక రాయలేకపోతున్నాను.

అమ్మ


ఫిబ్రవరి 3

అమ్మా,

'రా' అని రాశాడా? ఎర్రగా? చేసిందంతా చేసి, బండిలో నాకోసం రాసి కూడా పెట్టాడా? నన్నే కదా రమ్మంటున్నది. వస్తానని చెప్పు. కాళ్ళు లేకపోయినా పొగరు తగ్గలేదు. ఈసారి చేతులు కూడా చూస్తాను.

ఆ మేస్త్రి మామ మనిషి. ఇద్దరూ ఒకే చోట కూర్చుని తాగేవాళ్ళు. డ్రమ్మును తనే గుద్ది, బండి తనంతట తనే వచ్చిందని నీకు నాటకం చూపించాడు. నువ్వు నమ్మావు. బండికి దయ్యం పట్టిందంటే మామ బయటపడతాడు, నేను ఉత్తి పుణ్యానికి మనిషిని కొట్టిన పశువునవుతాను. అదేనా నీకు కావాల్సింది?

నువ్వు ఎవరి అమ్మవి? ఎవరి అక్కవి? ముందు అది తేల్చుకుని రాయి.


ఫిబ్రవరి 12

ఒరేయ్ గుండూ,

నీ చెంప పగలగొట్టాలని ఉంది. జైలు గోడ అడ్డొచ్చింది, బతికిపోయావు.

'రా' అని రాసింది మామ కాదు. నీ తమ్ముడు.

ఆ బండికి క్లచ్చు ఉండదు, గేర్లు దానంతట అదే మార్చుకుంటుంది. లివరు పక్కన నాలుగు ఇంగ్లీషు అక్షరాలు ఉండేవట. పాత బండి కదా, అరిగిపోయి కనబడేవి కావు. చిన్నోడు పక్కింటి అమ్మాయి దగ్గర గోళ్ళరంగు సీసా అడుక్కొచ్చి తెలుగులో రాశాడు. పై నుంచి కిందికి ప, రా, ని, దౌ. పడుకో అంటే బండి కదలకుండా ఆగడం. రా అంటే వెనక్కి రావడం. నిలబడు అంటే ఎటూ కాకుండా ఊరికే ఉండడం. దౌడు అంటే ముందుకు పోవడం. "నీకోసమేనే అమ్మా, నువ్వూ నేర్చుకో. నీకు ఇంగ్లీషు రాకపోతేనేం, బండికి తెలుగు నేర్పాను" అన్నాడు. అప్పటి నుంచి మా ముగ్గురికీ అదే భాష. "పడుకోబెట్టావా?" "రా వేశావా?" బయటివాళ్ళు వింటే మేం గేదెను కొనుక్కున్నామనుకునేవాళ్ళు. నువ్వు ఓడరేవులో ఉన్నావు, నీకు తెలియదు. తెలుసనుకుని నేను రాయడం నాదే పొరపాటు.

ఇక విను. నీ మామ దగ్గరికి వెళ్ళాను. మంచి మాట కోసం కాదు, కూరలు తరిగే కత్తి కొంగులో చుట్టుకుని వెళ్ళాను. నిజం చెప్పించి, ఆ తర్వాత ఏమైతే అది కానీ అనుకున్నాను. వార్డు గుమ్మంలోనే నర్సు కత్తి చూసింది. పండ్లు కోయడానికన్నాను. పండ్లేవి అంది. పక్క మంచం వాళ్ళ దగ్గర ఒక ఆపిలు అడుక్కుని, అది చూస్తుండగా కోయాల్సి వచ్చింది. ముక్కలు ప్లేటులోనే నల్లబడ్డాయి. నేనూ తినలేదు, వాడూ తినలేదు.

వాడి రెండు కాళ్ళూ కట్టు కట్టి పైకి వేలాడదీశారు. నన్ను చూసి, కత్తిని చూసి, "పొడవాలంటే కడుపులో పొడువక్కా. కాళ్ళల్లో నీ కొడుకు నీకేం మిగల్చలేదు" అన్నాడు.

"ఏం జరిగిందో చెప్పు. అబద్ధమైతే నర్సు ఉన్నా ఆగను."

"దిగుతూ పడుకోబెట్టాను. ఇంజను ఆపలేదు, ఆపితే మళ్ళీ స్టార్టు కాదు కదా. ఒక కాలు నేల మీద పెట్టాను. వాడు వెనక తాళ్ళు విప్పుతున్నాడు. 'రా! రా!' అని అరిచాడు. అంతలోనే బండి నా చెయ్యి జారి వెనక్కి పోతోంది. ఎగిరి ఎక్కి బ్రేకు తొక్కాను. అప్పటికే..."

"వాడు నిన్ను కొట్లాటకు రమ్మన్నాడు. నువ్వు ఎక్కి వెనక్కి నడిపావు."

"రమ్మనలేదే అక్కా! రా పడిందని చెప్పాడు. నాకు చెప్పాడు, ఆపమని!"

నేను ఒకటి అడిగాను. వెనక నిలబడినవాడికి లోపలి లివరు ఎలా కనబడుతుంది? రా పడిందని వాడికెలా తెలుస్తుంది? మామ "తెలియదక్కా" అన్నాడు. గోడవైపు తిరిగాడు, మెడ మాత్రమే తిరిగింది పాపం.

పాపం అని చెయ్యి అలవాటుగా రాసేసింది. నేను ఇంకా నమ్మలేదు.

వచ్చేముందు, "ఎలా పడుకోబెట్టావు, చూపించు" అన్నాను. మంచం కమ్మీ మీద చూపించాడు. దిగే తొందరలో అరచెయ్యి వెనక భాగంతో లివరును ఒక్క తోపు తోసేవాడట. చేతులు కడుక్కునే తొందరలో దిగిన ఆ ఒక్కసారి తప్ప మేస్త్రి అలా చేయడు. పట్టుకుని, పైదాకా నొక్కి, వదులుతాడు.

నేను ఎవరి అమ్మనని అడిగావు. ఇద్దరికి అమ్మను. ఒకడు మట్టిలో ఉన్నాడు, ఒకడు మనిషిని చంపడానికి తయారవుతున్నాడు. ఎవరి అక్కనో ఆ బండిని అడిగి తేల్చుకుంటాను.

అమ్మ


ఫిబ్రవరి 20

అమ్మా,

సారుకు కళ్ళజోడు వచ్చింది. కాబట్టి మర్యాదగా రాస్తున్నాను.

నువ్వే సరైన ప్రశ్న అడిగావు. వెనక ఉన్నవాడికి లివరు కనబడదు. మామ అబద్ధం అక్కడే దొరికిపోయింది. గోళ్ళరంగు సంగతి నాకు తెలియదు, నిజమే. కానీ కాటా ఆయన విన్నది 'రా, రా' అని. ఎదురుగా కొట్టినవాణ్ణి చూసి కుర్రాడు ఆ మాట ఎందుకంటాడో వీధిలో పెరిగిన ప్రతివాడికీ తెలుసు. చెంప మీద తిన్నవాడు గేరు గురించి మాట్లాడతాడా?

వచ్చే నెల బెయిలు వాదనకు వస్తుందట. బయటికి రాగానే మామను చూడడానికి వెళ్తాను. బాగా చూసుకుంటాను.

నీ పెద్ద కొడుకు


మార్చి 2

గుండూ,

నీ 'బాగా చూసుకుంటాను' సారుకు అర్థం కాకపోయినా నాకు అర్థమైంది. ఈ ఉత్తరం పూర్తిగా చదివేదాకా ఎవరి మీదా చెయ్యి ఎత్తకు. కూర్చుని చదువు.

సణుగుడు మేస్త్రి మామ మనిషి కాదు, ఎవరి మనిషీ కాదు. మొదట గేరుబాక్సులో ఆయిలు పాడైందన్నాడు, మార్చాడు. కాదు. తర్వాత లివరు ఎక్కడుందో ఇంజనుకు చెప్పే స్విచ్చు చెడిందన్నాడు, మార్చాడు. అదీ కాదు. బండి లేవడం లేదు, మేస్త్రి సణుగుడు ఆగడం లేదు. నాకు ఒళ్ళు మండింది. "పొద్దున్నే చల్లటి ఇంజనుతో, ఖాళీ బండితో చూస్తావు. జ్వరం తగ్గాక రోగిని డాక్టరుకు చూపించినట్టుంది. మా తమ్ముడు నడిపినట్టు నడుపు" అన్నాను.

అందుకే బండిని ఇనుప కొట్టుకు తీసుకెళ్ళాం. ఆ రోజు నుంచి నేను ఆ గేటు దాటలేదు. కాటా ఆయన కాదనలేకపోయాడు. ఆ రోజు ఎంత బరువుందో అంతే చువ్వలు ఎక్కించాం. ఇంజను బాగా వేడెక్కేదాకా మేస్త్రి ఊరంతా తిప్పుకొచ్చాడు. అదే చోట, అదే ఏటవాలు మీద ఆపించాను. చిన్నోడు నిలబడ్డ చోట హమాలీల చేత ఇసుక బస్తా ఒకటి చువ్వల కుప్పకు ఆనించి కట్టించాను, వాడి ఛాతీ ఎత్తులో.

మేస్త్రి అరచెయ్యి వెనకతో లివరును తోసి దిగి, తలుపు ధడాలున వేశాడు. కదల్లేదు. మళ్ళీ చేశాడు. కదల్లేదు. మళ్ళీ. ఎండ నెత్తికెక్కింది. "ఇక చాలమ్మా, నాకు తూకాలున్నాయి" అని కాటా ఆయన లోపలికి వెళ్ళాడు. మేస్త్రి, "నీ తమ్ముడే నడిపాడు తల్లీ, ఒప్పుకో, నన్ను వదిలెయ్" అని, ఇంజను అలాగే వదిలేసి గేటు పక్కన టీ తాగడానికి పోయాడు. నేను బస్తా పక్కన, కొంచెం ఎడంగా నిలబడి ఉన్నాను. నిజమే, తమ్ముడే నడిపాడు, గుండు చేయబోయేది న్యాయమే అనుకున్నాను. దేవుడి మీద ఒట్టు, ఆ క్షణాన అలాగే అనుకున్నాను.

అంతలో హమాలీలు ఒక చువ్వల కట్టను నేల మీద పడేశారు. భూమి అదిరింది. బండి వెనక రెండు లైట్లు వెలిగాయి.

తెల్ల లైట్లు గుండూ. ఎర్రవి కాదు. రా పడితేనే వెలిగేవి.

లోపల ఎవరూ లేరు. లివరు నాకు కనబడదు. కనబడక్కర్లేదు. లైట్లు చెప్పాయి. నా గొంతులోంచి నాకు తెలియకుండానే కేక వచ్చింది. "రా! రా!"

మేస్త్రి వెనక్కి తిరగను కూడా తిరగలేదు. "వస్తున్నానమ్మా, టీ తాగనీ!" అన్నాడు.

బండి వచ్చింది. మెల్లగానే వచ్చింది, పరుగేం లేదు. అందుకే మరీ భయమేసింది. బస్తాను చువ్వలకు నొక్కింది. నొక్కుతూనే ఉంది. బస్తా పగిలింది. చువ్వల మొనలు ఇటువైపు నుంచి బయటికొచ్చాయి. ఇసుక ధారగా కారింది. నేను చూశాను. చూడనని తల తిప్పుకోలేదు. వాడికి ఎలా అయిందో తల్లిగా నేను చూడాలి కదా.

అప్పటికి మేస్త్రి గ్లాసు పారేసి, పరిగెత్తి, బండెక్కి బ్రేకు తొక్కాడు. కేక విని కాటా ఆయన బయటికొచ్చాడు. వచ్చేసరికి ఆయనకు కనబడింది ఏమిటి? మేస్త్రి బండెక్కుతున్నాడు, బండి వెనక్కి పోతోంది.

ఆయన గోడ పట్టుకుని కూర్చుండిపోయాడు. "అమ్మా, నేను చూసింది ఇదే. ఆ రోజూ అచ్చం ఇదే. నడపడానికి ఎక్కుతున్నాడనుకున్నాను" అన్నాడు.

మేస్త్రి బండి కిందికి దూరాడు. లివరు నుంచి గేరుబాక్సుకు ఒక తీగ పోతుంది. దాని చివర ప్లాస్టిక్ ఉంగరం లాంటి బుష్షు ఉంటుంది. అది అరిగి వదులైంది. గేరు కూర్చునే గాడి కూడా అరిగిందట. పైన లివరు 'పడుకో' అని చూపిస్తుంది, లోపల గేరు సగం లేచి కూర్చుంటుంది. ఇంజను చల్లగా ఉంటే, లివరును గట్టిగా పైదాకా నొక్కితే, అలాగే ఉండిపోతుంది. వేడెక్కి, డీజిలు వణుకుకో, ఒక కుదుపుకో కాస్త జారితే, రా. అందుకే మేస్త్రీలకు దొరకలేదు. హ్యాండ్ బ్రేకు ఎప్పుడో తెగిపోయింది, ఎవరూ పట్టించుకోలేదు.

ఆ బుష్షు తీసి నా చేతిలో పెట్టాడు. చిన్నోడి చొక్కా గుండీ అంత లేదు. ఇన్నాళ్ళూ ఎవరినో ఒకర్ని చంపాలని తిరిగాను. నీ మామను, బండిని, మీ అత్తను. ఇంత ఉంగరాన్ని ఎలా చంపను? నోట్లో వేసుకుని కొరికాను. రెండు ముక్కలైంది. "అది సాక్ష్యం తల్లీ!" అని మేస్త్రి నెత్తి కొట్టుకున్నాడు. రెండు ముక్కలూ కొంగుకు ముడేసి వకీలుకు ఇచ్చాను. పళ్ళ గాట్లు ఎవరివని అడిగాడు.

నీ తమ్ముడు చివరి మాటతో ఎవరినీ తిట్టలేదు. ఎవరినీ కవ్వించలేదు. కొట్టిన మామనే సాయం పిలిచాడు. మామ వచ్చాడు. అందలేదు.

ఇది రాసి పెట్టాను. ఇక నువ్వు ఏం చేస్తావో నీ ఇష్టం.

అమ్మ


మార్చి 15

అమ్మా,

సారు నీ ఉత్తరం చదివి, ముద్ర కొట్టడం మరిచిపోయి, తనే తెచ్చి నా చేతికిచ్చాడు.

నీకు ఒకటి చెప్పలేదు. దాని అర్థం నాకే ఇప్పుడు తెలిసింది.

ఆ రోజు మొదటి దెబ్బకు మామ కింద పడ్డాడు. పడి, చెయ్యి ఎత్తి బండివైపు చూపిస్తూ, "రా... రా..." అన్నాడు. ఊపిరి అందడం లేదు, ఆ ఒక్క మాటే వస్తోంది. నన్ను కవ్విస్తున్నాడనుకున్నాను. "రమ్మంటావా? వస్తా" అని రెండో మోకాలి మీద వేశాను. అది విరిగిన చప్పుడు రాడ్డులోంచి నా చేతుల్లోకి వచ్చింది. అప్పుడు నాకు హాయిగా అనిపించిందమ్మా.

వాడు జరిగింది నాకు చెబుతున్నాడు. నేను వాడి కాలు విరగ్గొడుతున్నాను. రెండో కాలు ఆ ఒక్క అక్షరానికి పోయింది.

రాత్రుళ్ళు చేతులు గోడకేసి కొట్టుకుంటున్నాను. కట్టు కట్టారు, అందుకే రాత ఇలా ఉంది. తిండి సయించడం లేదు. బెయిలు వద్దని వకీలుకు చెప్పు. బయటికొచ్చి ఎవరి మొహం చూడాలి?

గుండు


మార్చి 22

నా గుండు నాన్నా,

బెయిలు వద్దంటే కుదరదు. ఇక్కడ నీతో పని ఉంది.

మామను మన ఇంటికి తెచ్చుకున్నాను. నీ మంచం మీదే ఉన్నాడు. మీ అత్తా వచ్చింది. దాని చేతి మీద నా పళ్ళ గాట్లు అలాగే ఉన్నాయి, ఆ చేత్తోనే నాకూ వండిపెడుతోంది. ఒకరితో ఒకరం మాట్లాడుకోవడం లేదు. నిన్న మాత్రం, "వదినా, ఉప్పు చాలిందా?" అంది. చాలిందన్నాను.

మామ కుడి మోకాలు ఇక వంగదట. అంటే బ్రేకు తొక్కలేడు, బండి నడపలేడు. వాడికి వచ్చింది ఆ ఒక్క పనే. నిన్ను క్షమించాడని నీకు అబద్ధం రాయను. నీ పేరెత్తితే చేతిలో ఉన్న స్టీలు గ్లాసు విసిరాడు. నా నుదుటికి తగిలింది, కుట్లు పడ్డాయి. రక్తం చూసి వాడే ఏడ్చాడు. మంచం మీంచి లేవలేక, నా దగ్గరికి రాలేక, దిండును గుద్దుతూ ఏడ్చాడు. ఆ తర్వాత గోడవైపు చూస్తూ, "వాడు తింటున్నాడా?" అన్నాడు. నీ గురించే. అప్పటికి నాకు తెలియదు. నీ ఉత్తరం చూశాక తెలిసింది.

నువ్వు చేసింది చిన్నది కాదు. దాన్ని నేను మోయలేను, నువ్వే మోయాలి. మామను స్నానానికి ఎత్తడం నా వల్లా మీ అత్త వల్లా కావడం లేదు, నిన్న ఇద్దరం కలిసి జారిపడ్డాం. ఎత్తడానికి బలమైన చేతులు కావాలి. వాటిని గోడకేసి కొట్టుకుని పాడుచేయకు. అవి ఇప్పుడు నీవి కావు.

బండికి కొత్త బుష్షు వేయించాను, హ్యాండ్ బ్రేకు వేయించాను. గోళ్ళరంగు మాత్రం మేస్త్రిని ముట్టుకోనివ్వలేదు. నేను నడపడం నేర్చుకుంటున్నాను. హమాలీలు ఎత్తి కూర్చోబెడితే, మామ పక్క సీట్లో కాళ్ళు చాపుకుని నన్ను తిడుతూ నేర్పుతున్నాడు. నిన్న గేటు పక్క గోడ గుద్దాను. "అక్కా, చిన్నోడు నీకోసం తెలుగులో రాసినా నీకు చదవడం రాలేదే" అన్నాడు. ఇద్దరం నవ్వాం. నవ్వి, ఇంజను ఆపేసి, ఇద్దరం ఏడ్చాం.

బెయిలు వచ్చిన రోజు ఆ బండిలోనే జైలు గేటు దగ్గరికి వస్తాను. పడుకోబెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, దిగి నిలబడి పిలుస్తాను. ఒక్కటే మాట. ఈసారి దాన్ని తప్పుగా వినకు.

అక్కడ పెట్టింది బాగుండదని వదిలేయకు. మామ మళ్ళీ అడిగితే ఏదో ఒకటి చెప్పాలి కదా నేను. వేళకు కూర్చుని, కడుపునిండా తిను నాన్నా.

అమ్మ